చీటీ కట్టిన కొస

పరీక్షశాలలో అతన్ని అందరూ బల్బు మాస్టారు అనేవారు. పంతొమ్మిదేళ్ళుగా చీకటి గదిలో నీలి దీపం ముందు కూర్చోవడమే అతని ఉద్యోగం. ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్‌ది పైన పటారం, లోన లొటారం. కంటికి నిగనిగలాడుతూనే లోపల చచ్చిపోతుంది. ముక్క కత్తిరించి ఒక రంగునీళ్ళలో ముంచితే, ఎండ కొరికిన చోటే రంగు పట్టుకుని దీపం కింద పచ్చగా వెలుగుతుంది. వెలిగితే పారేయాలి. వెలగకపోతే వాడుకోవచ్చు.

ఎత్తైన మేడలకు రంగులేసేవాళ్ళ నైలాన్ తాళ్ళు ఏటా అతని బల్ల మీదికే వచ్చేవి. వాటిలో అక్క మొగుడు కట్టుకుని వేలాడే తాడూ ఉండేది.

"నీ ప్రాణం నా కత్తెర కింద ఉంది బావా" అనేవాడు.

"అయితే మంచి చోటే ఉందిరా" అని నవ్వేవాడు బావ.

ఆ తాడే తెగింది. బావ ఎనిమిదో అంతస్తు నుంచి పడిపోయాడు. గోడ అంచున తాడు కింద గోనె వేసుకోలేదు, ఒరుసుకుని తెగిందని మేస్త్రీ తేల్చేశాడు. పోయినవాడు వచ్చి కాదంటాడా!

"త్వరగా వచ్చెయ్యమని పొద్దున నేనే ప్రాణం తీశానురా" అని అక్క ఏడ్చింది. "ఆ తొందరలోనే మర్చిపోయుంటాడు."

అతను తెగిన తాడు తెప్పించి, ఈసారి మూరమూరకీ ముక్క కత్తిరించాడు. అన్నీ వెలిగాయి. ఒక్క కొస మాత్రం నల్లగా ఉండిపోయింది. అది చీటీ కట్టిన కొస, తాడు చుట్ట లోపల ఎండ ఎరగకుండా ఉండేది. చేతికి సులువుగా అందుతుందని ఇన్నేళ్ళూ అతను ముక్క తీసింది అక్కడే.

అదే పూట తప్పు రాసిచ్చి, మిగతా తాళ్ళన్నీ వెనక్కి తెప్పించాడు. అది ఉద్యోగం కాబట్టి చేశాడు. అక్కకు మాత్రం చెప్పలేకపోయాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. చెప్పకపోతే ఆవిడ జన్మంతా తనను తానే తిట్టుకుంటుంది. చెబితే అతనికి అక్క ఉండదు.

మూడో రోజు వంటింటి గడపలో కూర్చుని మొత్తం చెప్పాడు.

"అయితే ఆయన మర్చిపోలేదన్నమాట" అంది అక్క.

"లేదక్కా. బావ తప్పు లేదు. నీదీ లేదు."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి పొయ్యి కట్టేసింది. అతను చెప్పులేసుకునేదాకా గుమ్మంలోనే నిలబడింది. మళ్ళీ ఎప్పుడొస్తావురా అని అడక్కుండా ఆవిడ అతన్ని ఎన్నడూ పంపలేదు. ఆ రోజు అడగలేదు.