మొదటి రెండంగలు

మా చెల్లి మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆడిన మొదటి సీజన్ అది. దాన్ని ఫుట్‌బాల్ జట్టులో ఉంచాలా, సాగనంపాలా అన్నది తేల్చుకోలేక మేమంతా దాదా, అంటే అన్న, అని పిలిచే మా కోచ్ ఆ భారం నా నెత్తిన పెట్టారు. మ్యాచ్‌ల లెక్కలు చూసే ఉద్యోగం నాదే మరి. "నువ్వు అక్కవని తెలుసు. అయినా లెక్కలో ఏముంటే అది చెప్పు. శనివారం నిర్ణయిస్తాను," అన్నారు బెంగాలీలో. అదేదో తేలికైన పనైనట్టు.

మైదానం చుట్టూ ఉన్న కెమెరాలు ఏ క్రీడాకారిణి ఎక్కడుందో క్షణక్షణం గుర్తిస్తాయి. చోటు మారిన తీరు నుంచి వేగం, వేగం మారిన తీరు నుంచి త్వరణం తీస్తాం. చిక్కంతా అక్కడే. చోటు గుర్తించడంలో కెమెరా వెంట్రుకవాసి తడబడినా, త్వరణం దగ్గరికొచ్చేసరికి అది కొండంతవుతుంది. నిలబడి జడ బిగించుకుంటున్న గోల్‌కీపర్ కూడా దూకుతున్నట్టు కనిపిస్తుంది. అందుకని త్వరణం చూపే గీతను సాపు చేస్తాం, ముడతలు పోయేలా చీరను ఇస్త్రీ చేసినట్టు.

సాపు చేసిన గీతలో మా చెల్లి పరుగు ఎక్కడా దూకుడు లేకుండా చప్పగా ఉంది.

ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే అమ్మ నా మొహం చూసి, "ఏటే, అలగున్నావు? దాని సంగతేటయ్యింది?" అంది.

"ఇంకా సూస్తన్నానమ్మా," అన్నాను.

చెల్లి కంచంలోంచి తలెత్తలేదు. "తీసేస్తే సెప్పీ అక్కా. నానేటీ అనుకోను," అంది. అనుకోదట! అనుకోని మనిషి రోజూ పొద్దున్నే ఆ మోకాలితో మేడమెట్లు ఎక్కి దిగడం దేనికో.

మర్నాడు ఆఫీసుకు బయల్దేరి మా ఏక్‌బాల్‌పూర్ సందులో నడుస్తుంటే ఠేలాబండి ఎదురొచ్చి గోడకు అతుక్కుపోయాను. చెల్లి బంతి తన్నడం నేర్చుకున్నది ఈ సందులోనే. ఇక్కడ నాలుగడుగులు గట్టిగా పరిగెత్తితే గోడో బండో అడ్డం. అందుకే రెండంగల్లో దూసుకెళ్లి ఠక్కున ఆగడం దానికి అలవాటైంది. మా లెక్కలో సాపు చేసే కొలతేమో నేను చేరకముందు ఎవరో పెట్టింది, పెద్ద మైదానాల్లో పొడుగు పరుగులు తీసేవాళ్లకు సరిపోయేలా. ముడతలతో పాటు కుచ్చిళ్లూ, అంటే చెల్లి చిన్న చిన్న దూకుళ్లూ, చదునైపోతున్నాయన్నమాట.

ఆఫీసుకెళ్లి ఆ కొలత తగ్గించాను, ఒక్క చెల్లికే కాదు, జట్టంతటికీ. ప్రతి దూకుడునూ వీడియోతో సరిచూసి, నిజమైనవే ఉంచాను. నామీద నాకే నమ్మకం లేక, పేర్లూ జెర్సీ నంబర్లూ దాచేసి గీతలన్నీ శనివారం దాదా ముందు పరిచాను. "మొదటి అడుగుల్లో ఎవరు బాగున్నారో మీరే చెప్పండి," అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని రెండు గీతలు చూపించారు. ఒకటి మా ఫార్వర్డ్‌ది. రెండోదాని పేరు, మా చెల్లిది, చూపిస్తే ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా చూశారు. "పొడుగు పరుగు ఇంకా రాలేదు. చివరి అరగంటకు దింపుతాను. ఉండనీ," అన్నారు ఆఖరికి.

పరుగులాంటి నడకతో ఇంటికెళ్లి చెప్పాను. చెల్లి మోకాలి మీది ఐసు ముక్కల మూట పక్కన పెట్టి నా వైపు మొహం చిట్లించి చూసింది.

"అరగంటేనా? ఆటంతా ఆడలేనని మీ దాదాకి ఎవలు సెప్పినారు?"

ఏమీ అనుకోనన్న మనిషి ఇదే. ఆ కోపం చూసి సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.