దీని తీగలు దీనికే

మా మేనమామను బజారులో అందరూ చిటపట అంటారు. మొహం మీద కాదు, ఆయన అటు తిరిగాకే. మొహం మీద అనగలిగినవాడు ఒక్కడే, పక్క కొట్లో గొడుగులు బాగుచేసే పెద్దాయన. ఆయనకు చెవుడు కాబట్టి బదులుగా వచ్చే తిట్లు వినపడవు.

మామయ్యది కంప్యూటర్ విడిభాగాల కొట్టు. ఎనిమిదడుగుల వెడల్పు, మూడు గోడలకూ కప్పు దాకా అట్టపెట్టెలు. మధ్యలో బల్ల మీద ఒక చెక్కపలక, దాని మీద విప్పి పరిచిన మదర్‌బోర్డు, పక్కన చిన్న తెర. మీరు ఏ భాగం కొన్నా ముందు ఆ పలక మీద తగిలించి, మీ కళ్ళ ముందే వెలిగించి, అప్పుడు చేతికిస్తాడు. వెలిగించి చూపించనిదే సరుకు గడప దాటనివ్వడు. తొందరగా ఉందండీ అన్నారా, ఇంకా నెమ్మదిగా చేస్తాడు.

ఇచ్చే ముందు ప్రతి వస్తువుకూ దారంతో ఒక అట్టముక్క కడతాడు. దాని మీద కొట్టు ఫోన్ నంబరు అచ్చువేసి ఉంటుంది. నా కంప్యూటర్ లోపల అలాంటివి నాలుగైదు వేలాడుతుండేవి. మామయ్యకు ప్రచారం పిచ్చి అనుకునేవాణ్ణి.

ఈ నాలుగైదేళ్ళుగా ఆయన కోపమంతా ఒకవైపే తిరిగింది. జనం వస్తారు, తమ కంప్యూటర్‌కి ఏది సరిపోతుందో అరగంట అడుగుతారు. ఆయన తిడుతూనే చెబుతాడు, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెబుతాడు. అంతా విని, పెట్టె మీది పేరును ఫోన్‌తో ఫోటో తీసుకుని, మళ్ళీ వస్తామండీ అని వెళ్ళిపోతారు. మళ్ళీ రారు. ఒకాయనైతే ఇంకా మెట్టు దిగకముందే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాడు. "అక్కడ ఇంతకంటే తక్కువకే వస్తోందండీ" అని ఎవరైనా అంటే మామయ్య దగ్గర ఒకటే జవాబు: "అయితే వాడి దగ్గరే వెలిగించుకో."

ఆయన్ను నెత్తిన పెట్టుకుని ఊరేగించడానికి ఇది రాయడం లేదు. మామయ్యతో బేరం నరకం. అడిగినది సగం సార్లు ఉండదు. ఉన్నా, నీకెందుకు అది అంటాడు. కొన్నది తిరిగి తీసుకోమంటే మనల్నే తీసుకెళ్ళి పోలీసులకు అప్పగించేలా చూస్తాడు. కంప్యూటర్‌లో దుమ్ము చూస్తే మన పెంపకం దాకా వెళతాడు. ఒక స్క్రూ కోసం వెళ్ళి పావుగంట చీవాట్లు తిని వచ్చిన రోజులు నాకున్నాయి. ఫోన్‌లో నొక్కితే గుమ్మంలోకి వస్తుంది, ఎవరూ ఏమీ అనరు. ఆ సుఖం నాకూ తెలుసు, అందుకే చెడ్డాను.

మా ఆవిడ చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. సామాన్ల గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ చదువుతుంది. ఈసారి చరిత్ర పుస్తకం, నలభై పాఠాలు, ఏడు నెలల పని. పిల్లలకు పరీక్షలు దగ్గర పడ్డాయి. శనివారం వాళ్ళ టీచరమ్మ వచ్చి తీసుకెళ్ళాలి. రికార్డింగులు ఒక హార్డ్ డిస్కులో ఉండేవి, వాటి కాపీ ఇంకో డిస్కులో. రెండూ ఒకే కంప్యూటర్‌లో, ఒకే కరెంటు తీగ మీద. ప్రతి ఆదివారం కాపీ తీయడం నా పని.

పాఠాలన్నీ అయ్యాయి, సరిచూసుకోవడమే మిగిలిందనగా, కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, అదే పవర్ సప్లై, దాని ఫ్యాను గురగురమనడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు గోడ దాటి ఆమె చెవుల్లో పడుతోంది. "అది మార్చండి, లేకపోతే నేనే దాన్ని కిటికీలోంచి పారేస్తాను" అంది.

మామయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన నా దుమ్ముకి నన్ను తిట్టి, ఏది సరిపోతుందో చెప్పి, అరలో పెట్టె చూపించాడు. ఇంతలో వేరేవాళ్ళ కోసం నిచ్చెన ఎక్కాడు. ఆయన వీపు ఇటు తిరగగానే నేను ఫోన్ తీసి ఫోటో తీసుకున్నాను. "మళ్ళీ వస్తాను మామయ్యా" అన్నాను. సొంత మేనల్లుణ్ణి, ఆ మాటే అన్నాను.

ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. మర్నాడే వచ్చింది. పెట్టె మీద మెరుపులూ పులి తలా. లోపల దాని తీగలు వేరే సంచిలో ఉన్నాయి. లావు తీగలు మార్చాను, పాతవి ఎలాగూ పట్టలేదు. డిస్కుల తీగ మాత్రం కొత్త డబ్బాలో చక్కగా దిగింది. దాన్ని మామయ్య బోర్డు వెనకనుంచి అందంగా కట్టి ఉంచాడు. అదంతా విప్పడం ఎందుకని అలాగే వదిలేశాను. స్విచ్ వేశాను. ఠప్‌మని చిన్న చప్పుడు, కాలిన వాసన. రెండు డిస్కులూ పోయాయి.

అమ్మినవాళ్ళకు ఫోన్‌లో రాశాను. మీ అసౌకర్యం మాకు అర్థమైందని యంత్రం జవాబిచ్చింది. డిస్కులు కాలాయంటే, మీరు కొన్నది డిస్కు కాదు కదా అంది. కావాలంటే పవర్ సప్లై పది రోజుల్లో వెనక్కి పంపవచ్చట. చివరికి, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగింది. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. తిట్టడానికి అక్కడ మనిషి లేడు. ఉన్నా ఏమని తిట్టను, తీగ తగిలించింది నేను.

మా ఆవిడ ఏడవలేదు. "ఏడు నెలలు" అంది, అంతే. కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, "పదండి బాబాయిగారి దగ్గరికి" అంది. దారంతా నా వైపు చూడలేదు.

మామయ్య పెట్టె విప్పి చూశాడు. కొత్త పవర్ సప్లై చూశాడు, నన్ను చూశాడు. తిడతాడనుకుని తల వంచుకున్నాను. తిట్టలేదు. చెయ్యి లోపలికి పోనిచ్చి డిస్కుల తీగను బయటికి లాగాడు. దాని చివర ఆయన కట్టిన అట్టముక్క వేలాడుతోంది. దాన్ని వెనక్కి తిప్పి నా మొహం ముందు పెట్టాడు.

"చదువు."

నేను చూశాను. నీలం సిరాతో ఆయన చేతిరాత.

"లోపల కాదురా, పైకి చదువు. అమ్మాయికి వినపడాలి."

"దీని తీగలు దీనికే" అని చదివాను. "వేరే డబ్బాకు తగిలిస్తే కాలిపోతాయి."

"ఎన్నేళ్ళ క్రితం కట్టాను?"

"ఆరేళ్ళు."

"ఆరేళ్ళలో ఒక్కసారి తిప్పి చూడలేదు. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయిరా. ఏ రంధ్రంలో ఏం వస్తుందో ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టి చస్తుంది. అందుకే గదరా రాసింది." గొంతు పెరిగింది. "నా దగ్గర కొనొద్దు. తగలెట్టు. కానీ ఇంటికి తీసుకెళ్ళి నాకో ఫోన్ కొడితే నీ సొమ్మేం పోయేది?"

"బాబాయిగారూ, ఆయన్ని తరవాత తిడుదురుగాని" అంది మా ఆవిడ. "ముందు నా పాఠాలు వస్తాయా చెప్పండి."

ఆయన చప్పున తగ్గాడు. కళ్ళద్దాలు మార్చుకుని డిస్కు అడుగున ఉన్న పలుచటి పచ్చ బోర్డు విప్పాడు. దాని మీద నువ్వుగింజంత భాగం ఒకటి నల్లగా మాడి ఉంది. "ఎక్కువ కరెంటు వస్తే ముందు ఇదే చస్తుందమ్మాయ్. దీంతోనే ఆగి ఉంటే మనం బతికినట్టే." కాల్చిన సూదిలాంటి కడ్డీతో దాన్ని పీకేశాడు. చెక్కపలక మీద తగిలించి వెలిగించాడు. మొదటి డిస్కు కదలలేదు. ఇంకోసారి చూశాడు, ఇంకోసారి. పక్కన పెట్టేశాడు. అది అసలుది.

రెండోదాన్నీ అలాగే పీకి తగిలించాడు. సన్నగా గిర్రున తిరిగింది. తెర మీద పాఠాల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. మా ఆవిడ వేలితో లెక్కపెట్టుకుంటూ పోయి ముప్ఫై ఏడు దగ్గర ఆగింది. నెమ్మదిగా నా వైపు తిరిగింది. గత రెండు ఆదివారాలు నేను కాపీ తీయలేదు.

ఇక నా గురించి మామయ్య అన్నవి రాయను. కొన్ని మాటలు నాకు కొత్త.

ఆ మూడు పాఠాలూ ఆమె రెండు రోజుల్లో మళ్ళీ చదివింది. శనివారం టీచరమ్మకు అందించింది. ఆ చివరి పాఠాల్లో గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఆమెకు ఒంట్లో బాగాలేదా అని పిల్లలు అడిగారట. ఏం చెప్పాలి వాళ్ళకి?

"రెండో కాపీ ఆ ఇంట్లో ఉంచకు, అమ్మాయ్" అన్నాడు మామయ్య ఆ రోజు. "వీడి చేతికి అందని చోట ఉంచు." అందుకని ఇప్పుడది ఆయన కొట్లో, ఆయన కుర్చీ వెనక ఉంటుంది. ప్రతి ఆదివారం నేను కొత్త పాఠాలు పట్టుకెళ్ళి ఇవ్వాలి. ఆయన నాతో మాట్లాడడు. డిస్కు వెలిగించి చూపిస్తాడు, తల ఊపుతాడు, అంతే. తిట్టినా బాగుండేది.

మొన్న ఆదివారం ఒకాయన వచ్చాడు. అరగంట అన్నీ అడిగాడు. మామయ్య బొమ్మ గీసి చెప్పాడు. వచ్చినాయన పెట్టె పక్కకు తిప్పి నింపాదిగా ఫోన్ తీశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమండీ, అరగంట ఆయన గొంతు చించుకున్నది మీరు ఫోటో తీసుకోవడానికా? సిగ్గుండక్కర్లేదా?"

అతను బిత్తరపోయి ఫోన్ దించాడు. మామయ్య నా మొహం చూడకుండానే పెట్టెను అతని వైపు జరిపాడు.

"తీసుకోండి బాబూ. వీడి మాట పట్టించుకోకండి. వీడూ ఫోటో తీసుకెళ్ళినవాడే."