ట్రెడ్‌మిల్ మీద డార్విన్ ప్రయాణం

నోలా హెక్స్‌టాల్ కాలినడకన ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న డార్విన్ నగరానికి వెళుతోంది. రెండువేల ఏడువందల కిలోమీటర్ల ఈ ప్రయాణం మొత్తం మా బిట్టర్ వెల్ కమ్యూనిటీ హాలులో, కిటికీ పక్కనున్న ట్రెడ్‌మిల్ మీద జరుగుతోంది. ఈ విషయంలో ఆవిడకు సందేహం లేదు. సందేహించినవారికి మర్యాదా లేదు.

డెబ్బై రెండేళ్ళ మనిషి. ముప్పై ఒక్క సంవత్సరాలు మా ఊరి బడిబస్సు నడిపింది. మాకు నడివేసవి అయిన జనవరి మొదట్లో ఎండ నలభై ఆరు డిగ్రీలు దాటిన రోజు నుంచి, ఉదయం తొమ్మిదికల్లా హాలు తాళం తీసి, వెడల్పాటి టోపీ పెట్టుకుని యంత్రం ఎక్కుతుంది. కాసేపు పరుగు, కాసేపు నడక. సాయంత్రం ఆరు దాకా దిగదు.

"హాలులో టోపీ ఎందుకు?" అని అడిగాను.

"హైవే మీద ఉన్నదాన్ని తల్లీ, వడదెబ్బ తగలదూ?"

ఆ హాలు గురించి రెండు మాటలు చెప్పాలి. ఊరి పాలన చూసే కౌన్సిల్ వారు వృద్ధులకిచ్చిన అద్దె ఇళ్ళకు రేకుల కప్పుంది, ఫ్యానుంది, ఏసీ లేదు. కప్పూ ఫ్యానూ ఉన్నందున అవి నివాసయోగ్యమేనని, ఏసీలు పెట్టించమని నేను పెట్టిన అర్జీకి కౌన్సిల్ లిఖితపూర్వకంగా జవాబిచ్చింది. ఆ జవాబు రాసిన గదిలో ఏసీ ఉంది. నివాసయోగ్యమైన ఆ ఇళ్ళ నుంచి పోయిన వేసవిలో ఇద్దరిని అంబులెన్స్ ఎక్కించాం. అందుకే ఈ ఏడాది పద్నాలుగు మంది వృద్ధులు పగలంతా హాలులోనే గడుపుతున్నారు. వాళ్ళకు ఊళ్ళో ఉన్న చల్లని చోటు అదొక్కటే.

"ఎందాకా వచ్చావు నోలా?" అని రైల్వేలో రిటైరైన డెస్ పేకముక్కలు పంచుతూ కదిలిస్తాడు.

"వూమెరా ఊరు దాటాను. నోరు మూసుకో, ఎదురుగా మూడు ట్రైలర్ల లారీ వస్తోంది."

యంత్రం మీదే ఎడమకు ఒదిగి లారీకి దారి ఇస్తుంది.

"పోయిందా?" అంటుంది ఎనభై ఆరేళ్ళ ఐవీ, నిజమైన ఆందోళనతో.

"పోయింది. డ్రైవరు చెయ్యి ఊపాడు. మంచి కుటుంబంలోంచి వచ్చినట్టున్నాడు."

"పోనీ దిగి రెండు ముద్దలు తినవే."

"హైవే నడిమధ్య కూర్చుని తినమంటావా?"

ఐవీ వాకర్ తోసుకుంటూ వెళ్ళి, కదులుతున్న రైలుకు టిఫిను అందించినట్టు, ఉప్పటి వెజిమైట్ పూసిన శాండ్‌విచ్ అందిస్తుంది.

లెక్క తప్పితే నాకు నిద్రపట్టదు. ఆవిడ దారిలోని కూబర్ పీడీ ఊరిని మూడోసారి దాటిందని విన్ననాడు నిలదీశాను.

"మొన్ననే దాటారుగా?"

"వెనక్కి రావలసి వచ్చింది. కళ్ళద్దాలు మోటెల్‌లో మరిచిపోయాను."

"అవి మీ ముక్కు మీదే ఉన్నాయి."

"మరి వెనక్కి వెళ్ళబట్టే కదా దొరికాయి!"

గమ్యం చేరాలన్న తొందర ఏ కోశానా లేని ప్రయాణికురాలిని నేను చూడటం అదే మొదలు.

ఫిబ్రవరి పదకొండున నలభై ఎనిమిది డిగ్రీలు. మధ్యాహ్నం ఒంటిగంటకు నోలా మోకాలు బొప్పాయిపండంత వాచింది. చెరో రెక్కా పట్టుకుని దింపి, కుర్చీలో కూర్చోబెట్టి ఐసు పెట్టాం. ఆవిడ మోకాలివైపు చూడనైనా చూడలేదు. గోడ గడియారం చూసింది.

"ఆగి ఎంతసేపైంది?"

"ముందు మోకాలి సంగతి చూడండి."

"మోకాలు ఎక్కడికీ పోదే. ఎంతసేపైందో చెప్పు!"

జవాబు తలుపు దగ్గర నుంచి వచ్చింది. "పన్నెండు నిమిషాలు," అన్నాడు కౌన్సిల్ ఉద్యోగి క్రెయిగ్, తాళాల గుత్తితో లోపలికి వస్తూ. యంత్రం ఆగితే వాళ్ళ కార్యాలయంలో తెలుస్తుందట. "ఇంకో మూడు నిమిషాలు చూసి మూసేయాలి. ఏమనుకోకండి."

"ఏమనుకుంటాంలే నాయనా. నాలుగో తరగతిలో నా బస్సులో మూడుసార్లు వాంతి చేసుకున్నావు, అప్పుడేమైనా అనుకున్నానా?" అంది నోలా.

అతని చేతిలోని కాగితం నేను లాక్కున్నాను. ఏడో నిబంధన: ఈ హాలు వ్యాయామ నిధితో నడుస్తుంది గనుక, పరికరం వాడుకలో ఉన్నంతసేపే ఏసీ నడపవలెను, వాడుక పదిహేను నిమిషాలు ఆగినచో హాలు మూసివేయవలెను. అడుగున తాళంచెవి తీసుకున్నవారి సంతకం: నోలా హెక్స్‌టాల్.

ఇటువంటి నిబంధన రాసిన చేతిని ఏ భాషలో తిట్టాలో నాకు చదువు నేర్పలేదు. నేను అర్జీలు రాస్తున్న ఆరు వారాలూ ఆవిడ దాన్ని కాళ్ళతో పాటిస్తోంది.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వీళ్ళు మొహమాటపడి ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆ పొయ్యిల్లోకి." అని నోలా కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

డెస్ ముక్కలు బోర్లించాడు. "కూర్చోవే. ఈ రౌండు నాది."

మా ఊరి పబ్బులో దొంగనైనా క్షమిస్తారుగాని, నలుగురు వంతులవారీగా కొనిచ్చిన రౌండ్లూ తాగి, తన వంతు రౌండు కొనకుండా జారుకున్నవాణ్ణి క్షమించరు. డెస్ చెప్పులు విడిచి యంత్రం ఎక్కాడు. ఆ వెనకే హాలంతా గోల.

"తర్వాతది నాది!"

"నాదని ముందే అన్నాను!"

"మీ ఇద్దరి కంటే పెద్దదాన్ని, ముందు నేను!" అని ఐవీ అప్పటికే వాకర్‌తో వరసలో నిలబడింది.

క్రెయిగ్ నీళ్ళు నమిలాడు. "ఆవిడ పరుగెత్తలేరు కదండీ..."

"ఏడో నిబంధనలో వేగం ప్రస్తావన లేదు," అన్నాను.

అతను కాగితం రెండుసార్లు చదివాడు. నిజంగానే లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. తలుపు అవతల రోడ్డు తెల్లగా కాలుతోంది. నోలా కప్పులో టీ పోసి అతనివైపు జరిపింది.

"తాగు నాయనా. ఐవీ తర్వాత నీ రౌండే."

క్రెయిగ్ తాళాల గుత్తి టీబల్ల మీద పెట్టి, కూర్చుని, బూట్ల లేసులు విప్పసాగాడు.