అమ్మ తోటకూర మడికి నాన్న కట్టిన గేటు

ఇవాళ ఏలూరులో ఒక వడ్రంగి వేపచెక్క చిత్రిక పడుతుంటే, ఆ వాసనకి ఆగిపోయానండి.

నా చిన్నప్పుడు కొల్లేటి పక్కన మా ఊళ్ళో, పక్కింటి బాతులు అమ్మ తోటకూర మడిని రెండుసార్లు తినేశాయి. మీ పెరళ్ళల్లోనూ ఇదే గోల కదండీ?

"ఈసారి తిన్నాయంటే మీకు పచ్చడి మెతుకులే" అంది అమ్మ.

నాన్నకి వడ్రంగం రాదు. అయినా మడి కంచెకి వేపచెక్కలతో గేటు చేశారు. సందుల్లోంచి బాతుపిల్లలు దూరిపోయాయి. విప్పేసి, చెక్కలు దగ్గరగా బిగించారు. గేటు ఇరుకైపోతే గుంజలూ దగ్గరికి పాతారు. బాతులు ఆగాయి.

సాయంత్రం అమ్మ చంకలో నీళ్ళబిందెతో వచ్చి, గుంజల మధ్య ఇరుక్కుంది.

"ఏవండీ, ఇది బాతులకా, నాకా?"

నాన్న నవ్వలేదు. అమ్మనీ బిందెనీ కలిపి తాడుతో కొలుచుకుని, ఇంకో రెండు చెక్కలు కొయ్యడానికి రంపం తీశారు.