పోపు డబ్బాల కింద దొరికిన కోడు

నా మొదటి ఉద్యోగం రోజులవి. కోల్‌కతా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్స్ నుంచి సాల్ట్ లేక్‌లో ఆఫీసుకు వెళ్లేదాన్ని. ప్రోగ్రాముల్లో చేసే ప్రతి మార్పునూ భద్రపరిచే వెర్షన్ కంట్రోల్ ఆదేశాలను ఆబ్జెక్టులనే చిన్న కోడు ముక్కలుగా మలిచి, అందరూ తేలిగ్గా వాడుకునే లైబ్రరీ ఒకటి రాశాను. మర్నాడు మధ్యాహ్నం టీమ్‌కు చూపించాలనగా, వెర్షన్ కంట్రోల్‌లో చేర్చని ఫైళ్లను తుడిచేసే ఆదేశాన్ని పరీక్షించాను. చక్కగా పనిచేసింది. అలా చేర్చనివి నా లైబ్రరీ ఫైళ్లేనని తర్వాత తెలిసింది!

తప్పులు దిద్దుకోవడానికి తీసిన ప్రింటు గుర్తొచ్చి ఇంటికి పరిగెత్తాను.

"ఏటే, ఏటయింది?" అంది అమ్మ.

"నేను తెచ్చిన కాగితాలేవమ్మా?"

"వంటింటి అలమరలో పరిచీసినాను. వాడీసినవే కదేటి!"

పోపు డబ్బాలన్నీ దించాం. పసుపు మరకల మధ్య నా కోడు పన్నెండు పేజీలూ భద్రంగా ఉన్నాయి. పొద్దున్నే ఆఫీసుకెళ్లి టైపు చేస్తుంటే పక్క సీటు బెంగాలీ దాదా కాగితాల పోపు వాసన పట్టి, "కీ దీదీ, టిఫిన్ తెచ్చావా?" అన్నాడు.

ఇప్పుడు ఏది రాసినా ముందు వెర్షన్ కంట్రోల్‌లో చేరుస్తాను. తర్వాత ఒక ప్రింటు తీసి అమ్మకిస్తాను, అలమరలో పరుచుకోమని.