మొదటి పొర మనదే

సారు పోయారన్న మాట నాకు రంపం చప్పుడు మధ్యలో అందింది. కాశిబుగ్గలో మా షెడ్డు ముందు సైకిలాపి, పక్క వీధి రేడియో మెకానిక్ ఎంతసేపు పిలిచాడో తెలియదు. నేను రంపం ఆపాక, "లెక్కల సారు పోయిండే. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగిండట" అన్నాడు. మొదలుపెట్టిన కోత పూర్తి చేయకుండా లేచే అలవాటు నాకు లేదు. ఆ పూట మాత్రం సగం కోసిన చెక్కలో రంపాన్ని అలాగే వదిలేసి వెళ్లాను.

సారు నాకు పదో తరగతిలో లెక్కలు చెప్పారు. నేను ఆ లెక్కల్లోనే తప్పి, మా నాయన పక్కన వడ్లపనికి, అంటే వడ్రంగానికి, కూర్చున్నాను. రిటైరయ్యాక సారు బీమా ఏజెంటయ్యారు. లెక్కలు చెప్పినాయనా, లెక్కల్లో తప్పిన నేనూ కలిసి తర్వాత ఇంకో లెక్క తప్పాం. ఆ లెక్క గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. అయినా సారును తలుచుకోవాలంటే నాకు వేరే దారి లేదు, అందుకని అదే చెబుతున్నాను.

బడి మానేసినా సారు జేబులో సుద్దముక్క మానలేదు. షెడ్డుకొచ్చి కూర్చున్నారంటే నేను నున్నగా చేసి పెట్టిన పలకలన్నీ ఆయనకు నల్లబల్లలే. ప్రీమియం ఇంత, నెలకింత అని రాసేవారు. ఆయన వెళ్లాక నేను మళ్లీ తుడుచుకోవాలి. నాయన పోయిన ఏడాది అలాగే ఒక తలుపు చెక్క మీద రాసి, పనిముట్లకు బీమా చేయమన్నారు. "నీకు నెల జీతమిచ్చేటోడు లేడు బిడ్డ. సామాను పోతే పని పోయినట్టే. జర బీమా చేసుకో, పోయినదంత వస్తది" అన్నారు. సారు చెప్పాక ఎదురు మాట ఉంటుందా? సంతకం పెట్టాను.

తర్వాతి మేడారం జాతరకు మా వీధి వీధంతా కదిలింది. బంగారం మొక్కు తీర్చుకుని, అదే, బెల్లం సమర్పించి తిరిగొచ్చేసరికి షెడ్డు తాళం విరిగి ఉంది. పనిముట్ల పెట్టె లేదు. ఉలులు, బాడిశ, రంపాలు, నాయన చేతి రందాలు, అన్నీ అందులోనే. నేను గడపలో కూలబడ్డాను. సారు మాత్రం ధైర్యంగా ఉన్నారు. పోలీస్ స్టేషన్‌కి ఆయనే తీసుకెళ్లారు, కంపెనీకి ఆయనే రాశారు, నా భార్యకు "ఫికర్ చెయ్యకమ్మా, నేనున్న" అని చెప్పిందీ ఆయనే.

ఇక్కడ మా పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. చెక్కను నున్నగా చిత్రిక పట్టే రందాకు మేం బజారులో కొనేది లోపలి బ్లేడు ఒక్కటే. కట్టె మేమే చేసుకుంటాం. మంచి నల్లతుమ్మ మొద్దు ఏరి, ఏళ్ల తరబడి నీడలో ఆరబెట్టి, బ్లేడు కూర్చునే వాలు చూసుకుంటూ నోరు తొలిచి, మన అరచేతికి పట్టేదాకా అరగదీసుకుంటాం. ఉలి పిడి అయినా, రంపం పిడి అయినా అంతే. అలా సొంత చేత్తో చేసుకున్నదానికి ధర చెప్పడం మా ఇళ్లల్లో లేదు. ధర చెప్పడమంటే అమ్మకానికి పెట్టడమేనని నాయన అనేవాడు. దసరాకు పూజలో పెట్టుకునేవాటికి రేటు ఎవరు కడతారు?

కంపెనీ నుంచి సర్వేయరు వచ్చిన రోజు వీధిలో సగం మంది మా షెడ్డు ముందే ఉన్నారు. ఆయన మంచి మనిషే. పోయిన ఒక్కో వస్తువు పేరు అడిగి, ధర అడిగాడు. నేను ఇనుము ధర చెబుతూ పోయాను. రందాల దగ్గరికొచ్చేసరికి ఆయన కలం ఆపి, కట్టెకేమీ వేయవా అని అడిగాడు.

"కట్టెకేం పైసలు సార్? మేం చెక్కుకున్నదే గదా" అన్నాను.

పక్కనే నిలబడ్డ సారు నా భుజం తట్టి, "మా పిలగాడు అబద్ధమాడడు" అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆ పొంగు తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

కొన్నాళ్లకు సారు వచ్చి షెడ్డు బయటే నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. "ఎక్సెస్ అని ఒకటున్నదట బిడ్డ. ఏ నష్టమైనా మొదలు కొంత మనమే భరించాలె, అది దాటినంకనే కంపెనీ ఇచ్చుడు. నువ్వు చెప్పిన ఇనుము ధరంత కలిపినా ఆ హద్దు దాటలే. ఏం రాదు" అన్నారు. మళ్లీ ఆయనే, "ఆ ముక్క నేను సదవలే. సదవకుండనే నీకు చెప్పిన" అన్నారు. ఆయన చేయి జేబులో సుద్దముక్కను నలుపుతోంది. నేను ఆయన ముఖం వదిలి అటూ ఇటూ చూశాను. కోపమొచ్చి కాదు. వీధిలో వాళ్లు వింటున్నారేమోనని.

వాళ్లు విననే విన్నారు. కంపెనీ పైసా ఇవ్వలేదంటే ఏదో మతలబు ఉంటుందని, సామాను చుట్టాలింట్లో దాచి ఉంటాడని ఎవరో అన్నారట. నేను వెళ్లేసరికి చాయ్ హోటల్లో మాటలు ఆగిపోయేవి. అంతకంటే నామోషీ ఇంకొకరి రందా అడగడం. అది ఇంకొకరి చెప్పుల్లో కాళ్లు పెట్టి పెళ్లికి వెళ్లినట్టుండేది. ఇదే పని చేసే దాయాదులు, మా పాలోళ్ల ఇళ్లకు పోయి, వాళ్లు అన్నం తినేదాకా అరుగు మీద కూర్చుని, వాళ్లకు పని లేని పూట పనిముట్లు తెచ్చుకుని, చీకటి పడకముందే తిరిగిచ్చేవాణ్ని. ఎవరూ కాదనలేదు. కాదంటే బాగుండునని ఉండేది.

సారు మా వీధి మానేశారు. బజార్లో కనబడితే గొడుగు అడ్డం పెట్టుకునేవారు, ఎండ లేకపోయినా. ఆ గొడుగు ఎందుకో నాకు తెలుసు. అయినా పోయి పలకరించలేదు. నాకూ అలాంటి గొడుగు ఒకటి ఉంటే బాగుండుననిపించేది.

ఒక ఆదివారం ఆయనే వచ్చారు. పలకరింపు లేకుండా రంపపు పొట్టులో కూర్చుని అడిగారు.

"నీ రందా కట్టె ఇంకొకడు చేసియ్యాలంటే ఏం తీసుకుంటడు?"

"నా రందా ఇంకొకడెందుకు చేస్తడు సారూ?"

"గదే గద నీ తప్పు, కట్టెకు ధర కట్టకపోవుడు. అడగకపోవుడు నా తప్పు" అని, తనకొక మొద్దు ఇమ్మన్నారు. తానే ఒక రందా చేసి చూస్తే గానీ దాని విలువ తెలియదన్నారు.

ఆయన చేతులు సుద్దకు అలవాటైన చేతులు. ఉలి ఒకవైపు పెడితే ఇంకోవైపు జారేది. అరచేతులు బొబ్బలెక్కాయి, బొటనవేలు తెగింది. నేను చేసిస్తానంటే కసిరారు. అలా ఎన్నో ఆదివారాలు మా పొట్టులో కూర్చుని, చివరికి నోరు వంకరగా ఉన్న రందా ఒకటి తయారుచేశారు. అందులో బ్లేడు బిగించి చెక్క మీద తోస్తే గీక్కుంటూ పోయి ఆగిపోయింది. సారు పడీపడీ నవ్వారు. దొంగతనం తర్వాత మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడే. నవ్వాక కళ్లద్దాలు తుడుచుకుని, "ఇంత కష్టాన్ని ఏం లేదని రాయిచ్చినం బిడ్డ" అన్నారు.

ఆ తర్వాత సారు బీమా అమ్మే తీరే మారింది. కమ్మరి దగ్గరికెళ్లినా, సైకిల్ షాపుకెళ్లినా ముందు ఎక్సెస్ గురించే చెప్పేవారు. మా షెడ్డులో నేర్చిన ముక్కతోనే చెప్పేవారు. "చెక్క ఎంత మందమున్నా మొదటి పొర పోవుడే. ఆ మొదటి పొర మనదే. పొరంత పల్చటి చెక్కయితే ఇగ మిగిలేదేం లేదు." ఎక్సెస్ పెద్దది పెట్టుకుంటే ప్రీమియం తగ్గుతుంది కదా అని ఎవరైనా ఆశపడితే, "ఎవల్నీ అడగకుండ ఎంత పోయినా తట్టుకుంటవ్? గంతే పెట్టుకో" అనేవారు. ముందే నష్టం సంగతి చెప్పే ఏజెంటు దగ్గర ఎవరు కొంటారు? చాలామంది కొనలేదు. నర్సంపేటలో ఒకాయన దండం పెట్టి పంపించాడట.

నేను మళ్లీ బీమా చేయడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి సొంత రందాలు మళ్లీ చేసుకున్నాను. రాయించేటప్పుడు ధర సారునే చెప్పమన్నాను. ఆయన "నువ్వే చెప్పాలె" అని అటు తిరిగి కూర్చున్నారు. నేను నేల చూస్తూ, నాయన వింటున్నట్టే సిగ్గుపడుతూ, బ్లేడుకు ఇంత, కట్టెకు ఇంత అని చెప్పాను. తలెత్తి చూస్తే సారు సుద్దముక్కతో గోడ మీద ఆ రెండూ కూడుతున్నారు.

సారు పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన భార్య, అమ్మగారు, కబురు చేశారు. ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి ఖాజీపేట వెళుతున్నారు. నేను వెళ్లేసరికి పాత సామాన్లు కొనేవాడు వసారాలో కూర్చుని కాగితాలు ఒకవైపు, ఇనుము ఒకవైపు వేస్తున్నాడు. వాడి ముందు ఆ వంకర రందా ఉంది. వాడు సుత్తితో కొట్టి బ్లేడు ఊడగొట్టి తక్కెట్లో పడేశాడు. మిగిలినదాన్ని పక్కకు విసరబోయి, నేను చూస్తున్నానని ఆగాడు.

"కట్టెకేం పైసలొస్తయన్నా?" అన్నాడు.

వాడి తప్పేం లేదు. వీధి వీధంతా వినేలా ఆ మాట మొదట అన్నది నేనే. నా చెవులు వేడెక్కాయి. వాడి చేతిలోంచి దాన్ని తీసుకుని, అమ్మగారికి చెప్పి, ఇంటికి తెచ్చుకున్నాను.

ఇప్పుడది నా పనిబల్ల మీద ఉంది. వచ్చే నెల పాలసీ తిరిగి రాయించాలి. దీన్ని కూడా రాయిస్తాను. బ్లేడు లేని రందాకు ధరేమిటని కొత్త ఏజెంటు నవ్వుతాడు, అయినా తల దించుకోకుండా చెప్పాలి. ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. పొద్దున దాన్ని తుడుస్తుంటే వంకర నోటి మూలలో మేమిద్దరం నవ్విననాటి చెక్కపొర ఒకటి, ఎండి ముడుచుకుపోయి, ఇరుక్కుని కనబడింది. ఊదితే పోయేదే. గుడ్డ పక్కన పెట్టేశాను.