కారం లేని శీతాకాలం

ఆ జనవరిలో మా ఆవిడ నాలుక మొదట్లో చిన్న గడ్డ ఉందని బయటపడింది. ఆమె డాక్టరు. ఇంగ్లండులో మేముండే లీడ్స్‌లోనే ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డులో పనిచేస్తుంది. అందుకే రిపోర్టులో ఏముందో నాకు చెప్పింది కూడా ఆమే. వంటింట్లో నిలబడి పచ్చిమిరపకాయలు తరుగుతూ, వార్డులో పిల్లల తల్లులకు చెప్పే గొంతుతోనే చెప్పింది.

"చిన్నదేనండీ. తొందరగానే దొరికింది. ఆపరేషన్ అక్కర్లేదు, రేడియేషన్ ఇస్తారు. ఆరు వారాలు. తగ్గిపోతుంది."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఆమె కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"కానీ నోరు పాడైపోతుంది. అది మాత్రం ముందే చెప్తున్నాను. తర్వాత నన్ను చూసి కంగారు పడకండి."

నోరు పాడవడమంటే ఏమిటో రేడియేషన్ మొదలైన మూడో వారానికల్లా తెలిసొచ్చింది. గొంతు లోపల కాలి పుండైపోయింది. లాలాజలం ఎండిపోయింది. రుచి మొత్తంగా పోయింది. ఏది పెట్టినా తడి అట్టముక్క నమిలినట్టుందనేది. మాది గుంటూరు వైపు. మా ఇంట్లో పప్పులోకి కూడా పక్కన ఎండుమిరపకాయ వేయించాల్సిందే. అలాంటి మనిషికి చారు చుక్క తగిలినా కళ్ళ వెంట నీళ్ళు కారేవి. పెరుగన్నమైనా దిగుతుందనుకుంటే, పెరుగులోని పులుపు మండేది, మెతుకులు గొంతుకు అంటుకుపోయి దగ్గు వచ్చేది. ఆసుపత్రి వాళ్ళు బలానికని ఇచ్చిన పాలలాంటి మందు ఒక సీసా తాగడానికి మధ్యాహ్నమంతా పట్టేది.

ప్రతి గురువారం ఆసుపత్రిలో బరువు చూసేవారు. ప్రతి గురువారం ముల్లు కిందికి దిగుతూనే ఉంది. ఆహారం సంగతి చూసే అమ్మాయి చాలా నెమ్మదస్తురాలు. ఒకరోజు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇంకా తగ్గితే ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేసి ఆహారం పంపాల్సి వస్తుందని చెప్పింది. మా ఆవిడ తల ఊపింది కానీ సరేననలేదు.

కారెక్కాక అడిగాను. "నీ పేషెంటుకైతే ఏం చెప్తావు?"

అప్పటికి ఆమె గొంతు గుసగుసకు పడిపోయింది. ఇంజిన్ ఆపితేగానీ వినపడదు.

"వేయించుకోమనే చెప్తాను."

"మరి?"

"నేనూ వేయించుకుంటానండీ. అందులో తప్పేం లేదు. ఇక తినలేనన్న రోజు నేనే అడుగుతాను. కానీ ఆ రోజింకా రాలేదు. మింగడం మానేస్తే గొంతు మింగడమే మర్చిపోతుంది. నాకు మింగాలనుంది. నేను మింగగలిగేది ఏదో ఒకటి వండి పెట్టండి."

నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. వంట నాకు కొత్త కాదు. పెళ్ళికి ముందు లండన్ పక్కన స్లౌలో నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉన్నప్పుడు పొయ్యి దగ్గర నేనే ఉండేవాణ్ణి. కానీ కారం, చింతపండు, టమాటా, పోపు అన్నీ తీసేస్తే నా వంటలో ఏం మిగులుతుంది? ఆ సాయంత్రం మసాలా డబ్బా తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాను. కళ్ళెదురుగా ఉంటే చెయ్యి దానంతటదే అటు వెళ్తుందని నాకు తెలుసు.

అయినా వెళ్ళింది. మర్నాడు మాంసం, బంగాళదుంపలు, క్యారెట్లు కుక్కర్లో పెట్టి, మరీ చప్పగా ఉంటుందని మిరియాల మర తీసి రెండుసార్లు తిప్పాను. ఆమె ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చెంపల మీదికి నీళ్ళు జారాయి.

"మిరియాలు వేశారా?"

"కొంచెమే."

"కొంచెం కూడా వద్దండీ," అంది. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే బాగుండుననిపించింది.

రెండోసారి మిరియాలు లేవు. కానీ కుక్కర్లో మాంసం పీచుపీచుగా అయింది. ఒక పీచు గొంతులో ఇరుక్కుని ఆమె దగ్గుతుంటే వీపు నిమురుతూ నిలబడ్డాను. కాసేపటికి తేరుకుని, ఏమీ జరగనట్టు నా వైపు గిన్నె జరిపింది. ఆ గిన్నె తీసుకెళ్ళి చెత్తబుట్టలో బోర్లించాను. అంతగా రాకపోతే నేర్చుకోవాలి. నేర్పేవాళ్ళు ఎవరో కనుక్కోవాలి.

అప్పటికే చలి ముదిరింది. పొద్దున లేచేసరికి కారు అద్దం మీద మంచు పెళుసుగా పేరుకుని ఉండేది. ఒకరోజు దాన్ని గీకుతుంటే పక్కింట్లోంచి మాంసం, ఉల్లిపాయ కలిసి నిదానంగా మగ్గుతున్న వాసన వచ్చింది. పక్కింటావిడ ఒంటరి మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. మా వీధిలోనే పుట్టి, మా వీధిలోనే ముసలిదైంది. పోస్టుమేన్ని, పిల్లిని, నన్ను, అందరినీ ముద్దుగా 'లవ్' అనే పిలుస్తుంది. నేను గీకడం ఆపి వెళ్ళి తలుపు తట్టాను. మాంసం మెత్తగా, నాలుకతో నొక్కితే విడిపోయేలా ఎలా ఉడకాలో చూపించమని అడిగాను.

నేను కుక్కర్ సంగతి చెప్పగానే ఆవిడ గట్టిగా నవ్వింది.

"విజిల్ వేసే గిన్నెలోనా? ఎందుకంత తొందర, లవ్? బయట చూడు. ఈ చలిలో ఎక్కడికి వెళ్తావు?"

ఆవిడ మూత తీసి చూపించింది. లోపల పులుసు ఉడుకుతున్నట్టే లేదు. అక్కడక్కడ ఒక్కో బుడగ వచ్చి పోతోంది.

"ఇదీ. తెర్లనిచ్చావా, మాంసం బిగుసుకుంటుంది. నీళ్ళు వణకాలి, అంతే."

గొర్రె మెడ ముక్కలు ఎముకతో సహా తెమ్మంది. పిండి అద్ది వెన్నలో వేయించి, ఉల్లిపాయ మగ్గించి, క్యారెట్టు, బంగాళదుంప, ఇక్కడ స్వీడ్ అనే పసుపుపచ్చ దుంప, ఒక గుప్పెడు బార్లీ వేసి, నీళ్ళు పోసి, మూతపెట్టి ఒవెన్లో సన్న సెగ మీద మధ్యాహ్నమంతా వదిలేయమంది. తన బరువైన ఇనప గిన్నె కూడా నా చేతుల్లో పెట్టింది.

ఆ రోజు మీటింగుల మధ్య మధ్యలో కిందికి దిగి ఒవెన్ అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. మబ్బు పట్టి మూడు గంటలకే చీకటి పడుతున్నట్టుంది బయట. ఇల్లంతా వాసన నిండింది. రుచి పోయినా వాసన కొంత మిగిలింది కాబోలు, మా ఆవిడ దుప్పటి కప్పుకుని మెల్లగా మెట్లు దిగి వచ్చి ఒవెన్ పక్కనే కుర్చీ వేసుకుంది.

ఎముకలు తీసేసి, గోరువెచ్చగా చల్లార్చి చిన్న గిన్నెలో పెట్టాను. మొదటి చెంచా దిగింది. రెండోది దిగింది. మూడో చెంచాలో బార్లీ గింజలు గొంతుకు అంటుకున్నాయి. ఆమె చెయ్యెత్తింది. నేను నీళ్ళ గ్లాసు అందించాను. నీళ్ళు తాగి, "బార్లీ తీసేయండి. మిగతాది బాగానే దిగుతోంది," అంది. జల్లెడ తెచ్చి ఆ గింజల్ని గరిటెతో మెదిపి పులుసులోకే దించాను. పులుసు ఇంకా చిక్కబడింది. ఆమె తినడం పూర్తయ్యేసరికి గంట పట్టింది. గిన్నె మాత్రం ఖాళీ అయింది. నేను సింకు దగ్గర అటు తిరిగి కాసేపు ఊరికే నీళ్ళు వదిలి నిలబడ్డాను.

అక్కణ్ణుంచి, ఇక్కడివాళ్ళు స్ట్యూ అనే ఆ పులుసు రోజుకొక గిన్నె చొప్పున మా ఇంటి చట్టమైంది. దాంట్లో రహస్యంగా వెన్న, మీగడ కలిపేవాణ్ణి. ఆమెకు తెలిసినా తెలియనట్టుండేది.

బిస్కెట్ల గొడవ తర్వాత మొదలైంది. రోజూ మెత్తనిదే తిని విసుగెత్తి, ఒక మధ్యాహ్నం, "పళ్ళ కింద ఏదైనా పడాలండీ. పసిపిల్లలా అయిపోయాను," అంది. కొట్లో బిస్కెట్ తెస్తే అంచు గీసుకుని రక్తం వచ్చింది. సరే, ఇంట్లోనే చేద్దామనుకున్నాను. వెన్న, పంచదార, మైదా. అంతే కదా! మొదటి వాయి గచ్చు మీద పడితే గచ్చుకే దెబ్బ తగిలేలా వచ్చింది. రెండో వాయికి వెన్న ఎక్కువ వేస్తే ట్రే మీదే పరుచుకుని ఒక్క రొట్టె అయింది. మైదాలో కొంత తీసేసి కార్న్‌ఫ్లోర్ వేసి చూశాను. ఈసారి విడిగా వచ్చాయి కానీ ట్రే మీంచి తీస్తుంటే పొడైపోయాయి.

ఆమె సోఫాలోంచి అంతా చూస్తూనే ఉంది. "పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద తీస్తే ఏదైనా విరుగుతుంది," అంది. పిండి కలపడం ఎప్పుడూ రాని మనిషి నాకు సలహా చెప్తోందని నవ్వొచ్చింది. కానీ ఆమె చెప్పిందే నిజం. మర్నాడు చల్లారాక తీస్తే ఒక్కటీ విరగలేదు. తెల్లగా, వేలు నొక్కితే కరిగేట్టు వచ్చాయి. గోరువెచ్చని పాలలో ముంచి నోట్లో పెట్టుకుంది. పళ్ళు ఆనించింది. ఆనించి, కళ్ళు విప్పార్చి నా వైపు చూసింది.

"ముంచి వెంటనే తీసేయాలండీ. కాస్త ఆలస్యం చేస్తే గ్లాసులో పడిపోతోంది," అంది చాలా గంభీరంగా, కొత్త మందు మోతాదు చెప్తున్నట్టు.

ఐదో వారం, గురువారం పొద్దున లేచేసరికి వీధి కనపడలేదు. కారు చక్రాలు సగం దాకా మంచులో కూరుకుపోయాయి. మా వీధి పెద్ద వాలు. బస్సులు రావడం లేదని ఫోన్‌లో వచ్చింది. రేడియేషన్ ఒక్కరోజు కూడా తప్పకూడదని ముందునుంచీ చెప్తూనే ఉన్నారు.

"ఫోన్ చేసి అడగనా?" అన్నాను.

"అడగండి. కానీ బూట్లు కూడా తీయండి," అంది.

మెషీన్లు నడుస్తున్నాయి, ఎంత ఆలస్యమైనా రమ్మన్నారు. కింద మెయిన్ రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లారు కాబట్టి అక్కడికొస్తే ఎక్కించుకుంటానన్నాడు ఒక టాక్సీ డ్రైవరు. అక్కడిదాకా మేమే దిగాలి. ఫ్లాస్కులో స్ట్యూ పోసి కోటు లోపల పెట్టుకున్నాను. పక్కింటావిడ మమ్మల్ని కిటికీలోంచి చూసి, డ్రెస్సింగ్ గౌను మీదే బయటికొచ్చి తన చేతికర్ర మా ఆవిడకిచ్చింది.

ఆమె ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా మోచెయ్యి పట్టుకుని దిగింది. సగం దారిలో ఒకరి ప్రహరీ గోడకు ఆనుకుని నిలబడింది. పెదాలు పాలిపోయాయి.

"వెనక్కి పోదామా?" అన్నాను.

"వెనక్కంటే ఎక్కాలి. ముందుకైతే దిగడమే," అంది, మళ్ళీ అడుగు వేస్తూ.

ఆ రోజు రేడియేషన్ అయ్యాక, బయట కూర్చునే చోట, ఫ్లాస్కు మూతలో పోసిన స్ట్యూ తాగి తర్వాత బరువు చూపించుకుంది. పోయిన గురువారం ఎంతుందో అంతే ఉంది. ఒక్క పిసరు తగ్గలేదు. ఆహారం సంగతి చూసే ఆ అమ్మాయి మళ్ళీ ఒకసారి నిలబెట్టి చూసింది.

"ఏం తింటున్నారు మీరు?"

మా ఆవిడ వేలితో నన్ను చూపించి, "ఈయన్ని అడగండి," అంది. నేను గొర్రె మెడ దగ్గర మొదలుపెట్టాను. బిస్కెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి నవ్వుతోంది. గొట్టం మాట ఆ రోజు రాలేదు.

ఆరు వారాలు అయిపోతే గండం గట్టెక్కినట్టే అనుకున్నాను. ఆమె మాత్రం ముందే హెచ్చరించింది, రేడియేషన్ ఆపేశాకే మంట ఎక్కువవుతుందని. అలాగే అయింది. బిస్కెట్ వద్దంది. ముక్కలు వద్దంది. ఒట్టి పులుసు, అదీ చెంచా చెంచా. ఒకరోజు అదీ లేదు. మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకుని, "రేపు గొట్టం అడుగుదామండీ," అంది.

వాదించలేదు నేను. "అడుగుదాం. పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఇప్పటికి రెండు చెంచాలు తాగు."

"ఒకటి."

"సరే, ఒకటి."

ఒకటి తాగింది. కాసేపాగి రెండోదానికి తనే నోరు తెరిచింది. మర్నాడు నేను ఫోన్ చేతిలోకి తీసుకుంటే, "ఇవాళ్టికి వద్దులెండి. సాయంత్రం దాకా చూద్దాం," అంది. సాయంత్రం మళ్ళీ రేపటికి వాయిదా వేసింది. అలా వాయిదాల మీదే ఆ పది పదిహేను రోజులూ గడిచాయి. నేను మాత్రం రోజూ ఇనప గిన్నె ఒవెన్లో పెడుతూనే ఉన్నాను. ఆమె తినని రోజున అదంతా నేనే తిన్నాను. ఆ శీతాకాలంలో బరువు పెరిగింది నేనే.

మార్చి చివరికి పుళ్ళు మానడం మొదలైంది. ముక్కలు మళ్ళీ దిగాయి. గొంతు గుసగుస దాటి బొంగురుగా వచ్చింది. ఎదురింటి తోటలో పసుపు పూలు పూసినా గాలి మాత్రం ఇంకా కోస్తూనే ఉంది, కాబట్టి స్ట్యూ ఆపడానికి నాకు కారణం కనపడలేదు. రుచి మాత్రం రాలేదు. ఎప్పుడొస్తుందో, ఎంత వస్తుందో చెప్పలేమన్నారు డాక్టర్లు.

ఒక ఆదివారం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. ఆమె చెంచా ఆపింది. నేను అలవాటుగా నీళ్ళ గ్లాసు ముందుకు తోశాను. అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపింది.

"ఈ క్యారెట్టు తియ్యగా ఉందండీ."

నాకు సరిగ్గా అర్థం కాలేదు. "ఏంటీ?"

"తియ్యగా ఉంది," అని ఇంకో ముక్క వెతికి నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. "ఆఁ. తియ్యగానే ఉంది."

గిన్నెలో ఉన్న క్యారెట్టు ముక్కలన్నీ ఏరుకుని తినేసింది. బంగాళదుంపలు, మాంసం అలాగే ఉన్నాయి. తర్వాత చెంచా పట్టుకుని నా గిన్నెలోకి చూసింది. నా వాటా క్యారెట్లు కూడా ఆమె గిన్నెలో వేసి, లేచి వెళ్ళి ఫ్రిజ్‌లో ఉన్న క్యారెట్లన్నీ బయటికి తీశాను.